గేజీ పెట్టి చూశావా, తల్లీ?

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

ఈ వారం మీ వర్క్‌షాపులో మొదటిసారి నీ చేత్తో రైఫిల్‌కు గొట్టం బిగించబోతున్నావని అక్క ఫోనులో చెప్పింది. పొంగిపోయాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

నీకు తెలిసినవి తిరగేయను. ఛాంబర్, అదే తూటా కూర్చునే గది, ఖాళీగా ఉందో లేదో కంటితోనూ వేలితోనూ చూసుకో. మరలు తుడిచి పలచగా గ్రీజు రాయి. బిగింపు బలం చూపే టార్క్ రెంచి మీద తయారీదారు చెప్పిన అంకె దాటకు.

నాకూ నీ వయసే అప్పుడు. ఒక పాత రైఫిల్‌కు తుప్పు వదిలించడానికి గొట్టం విప్పి, మళ్లీ అదే గొట్టం, తూటా వెనక మూసే అదే బోల్ట్ బిగించాను. పాతవే కదా, ఛాంబర్‌లో పెట్టి కొలత సరిచూసే గేజీలెందుకు అనుకున్నాను. గొట్టం బిగిసే రిసీవర్ ముఖానికీ గొట్టం భుజానికీ మధ్య చిన్న లోహపు రజను ఇరుక్కుంది. చేతికి మాత్రం గట్టిగానే బిగిసినట్టు తోచింది.

కొన్నాళ్లకు దాని యజమాని పేల్చిన ఇత్తడి తొడుగులు గుప్పెడు తెచ్చి బల్ల మీద పోశాడు. ఒక్కోదానికి అడుగు నుంచి కాస్త పైన, ఉంగరం తొడిగినట్టు మెరిసే గీత. గురువుగారు ఒక్క మాటా అనలేదు. సన్నని తీగ కొన వంచి నా చేతికిచ్చి, తొడుగు లోపలి గోడ వెంట లాగమన్నారు. నున్నగా జారుతున్న తీగ ఒకచోట టక్కున ఆగింది. ఇత్తడి సాగి, పలచబడి, అక్కడ గాడి పడింది. మళ్లీ మందు నింపి పేలిస్తే అక్కడే తెగేది. తెగితే ఆ మంట వెనక్కి, పేల్చేవాడి ముఖం మీదికే. ఆ మనిషి కళ్లద్దాలు పెట్టుకునే రకం కాదు. ఆ 'టక్కు' నా వేలి కొసన ఇప్పటికీ ఉంది.

గేజీ కొలిచేది హెడ్‌స్పేస్‌ని, అంటే బోల్ట్ ముఖం నుంచి తూటా ఆగే చోటు వరకు ఉండే దూరం. ఆ రజను వల్ల అదే పెరిగింది, ఇత్తడి సాగింది. 308 విన్‌చెస్టర్ రకం తూటాకు గో గేజీకీ నో-గో గేజీకీ మధ్య తేడా సుమారు 0.1 మిల్లీమీటరే. గో మీద బోల్ట్ మూసుకోవాలి, నో-గో మీద ఆగిపోవాలి. తొడుగును బయటికి లాగే ఎక్స్‌ట్రాక్టర్, విసిరేసే ఎజెక్టర్ తీసేశాకే చూడు, ఆ స్ప్రింగు పట్టు చేతిని మోసం చేస్తుంది. ఒక్క వేలితో తోయి. మొండిగా నెడితే నో-గో మీద కూడా మూసుకుపోతుంది, అప్పుడు నిన్ను నువ్వే మభ్యపెట్టుకున్నట్టు. విప్పిన గొట్టం నిన్నటిదైనా సరే, గేజీ పెట్టాల్సిందే.

పోయినసారి వచ్చినప్పుడు కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టుకుని ఆకురాయి పట్టావు. అప్పుడే తిట్టాల్సింది, నోరు రాలేదు. నీవి మా అమ్మ కళ్లు తల్లీ.

మొదట పేల్చిన తొడుగులు పారేయకు. ఈసారి వచ్చేటప్పుడు రెండు తీసుకురా. ఆ తీగ ఇంకా నా దగ్గరే ఉంది.

మామయ్య