నెమ్మదించిన డెస్క్‌టాప్ గురించి మేనకోడలికి

రాయగడ

చి.ల.సౌ. మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

అమ్మా, నీ ఉత్తరం అందింది. కంప్యూటరు ఆన్ చేశాక డెస్క్‌టాప్ కనిపించడానికే చాలా సేపు పడుతోందనీ, కనిపించిన తరువాత కూడా మెనూ నొక్కితే ఆలస్యంగా తెరుచుకుంటోందనీ, శుభలేఖ టైపు చేస్తుంటే అక్షరాలు కాసేపటికి గాని తెర మీదకు రావడం లేదనీ రాశావు. గుణుపురం బజారులో చూపిస్తే ఫార్మాట్ కొట్టాలని ఒకరూ, కొత్తది కొనుక్కోమని మరొకరూ చెప్పారన్నావు. ఆ రెండింటిలో ఏదీ ఇప్పుడే చేయవద్దు. లోపం డిస్కులో గాని మెమరీలో గాని ఉంటే ఫార్మాట్ చేసిన కొన్నాళ్ళకు అదే బాధ తిరిగి వస్తుంది. ఈలోగా నువ్వు ఇన్నేళ్ళుగా తయారుచేసుకున్న తెలుగు, ఒడియా శుభలేఖల నమూనాలు పోయే ప్రమాదం ఉంది. కాబట్టి ఈ ఉత్తరం చదవడం పూర్తికాగానే నువ్వు చేయవలసిన మొదటి పని, ఆ నమూనాలన్నిటినీ ఒక పెన్ డ్రైవ్‌లోకి కాపీ చేసి, ఆ పెన్ డ్రైవ్‌ను కంప్యూటరు నుంచి తీసి విడిగా దాచడం.

కంప్యూటరు నెమ్మదించిందంటే అది దేనికోసమో ఎదురు చూస్తోందని అర్థం. ప్రాసెసరుకు తీరిక దొరకాలని ఎదురు చూడవచ్చు, మెమరీలో చోటు దొరకాలని చూడవచ్చు, డిస్కు నుంచి రావలసిన సమాచారం కోసం చూడవచ్చు, తెర మీద బొమ్మ గీయడం పూర్తయ్యేదాకా ఆగవచ్చు. పైకి అన్నీ ఒకేలా కనిపిస్తాయి గాని, ఒకదాని మందు మరొకదానికి పనిచేయదు. అందువల్ల ఎదురుచూపు దేనికోసమో తేలేవరకూ ఒక్క సెట్టింగు కూడా మార్చవద్దు. తేలిన తరువాత కూడా ఒకసారి ఒక్క మార్పే చేసి, ఒకరోజు వాడి చూసి, ఆ తరువాతే రెండోదానికి వెళ్ళు. ఒకేసారి నాలుగు మార్చితే బాగుపడినా ఎందువల్ల బాగుపడిందో తెలియదు, చెడిపోతే దేనిని వెనక్కి తిప్పాలో అసలే తెలియదు.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు ఆగిపోవడంతో మనవడు దానిలో విండోస్‌కు బదులు ఉబుంటు 24.04 అనే లైనక్సు ఆపరేటింగ్ సిస్టమ్ వేశాడని రాశావు. వాడు చేసిన పని సరైనదే. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా సదుపాయమూ, మీ ఇంట్లో ఉన్న దానికంటే చాలా కొత్త ప్రాసెసరూ కావాలి. అయితే ఉబుంటుతో వచ్చే గ్నోమ్, అంటే తెర మీద మెనూలూ కిటికీలూ చూపే డెస్క్‌టాప్ ప్రోగ్రాము, అంత తేలికైనదేమీ కాదు. నాలుగు జీబీ మెమరీ, తిరిగే హార్డ్ డిస్కు ఉన్న పాత యంత్రంలో అది నడుస్తుంది గాని, ఏ చిన్న లోపం ఉన్నా వెంటనే బయటపడుతుంది.

ముందుగా ఒక కాగితం పక్కన పెట్టుకుని, ఎప్పుడు నెమ్మదిస్తోందో రెండు మూడు రోజులు రాయి. లాగిన్ అయిన తరువాత కొద్ది నిమిషాలే ఇబ్బందిపెట్టి ఆ తరువాత సర్దుకుంటే, ఆన్ కాగానే వాటంతట అవే మొదలయ్యే ప్రోగ్రాములూ, అప్‌డేట్లూ డిస్కు కోసం పోటీపడుతున్నాయన్నమాట. పొద్దున్న బాగానే ఉండి, బ్రౌజరులో ఏడెనిమిది ట్యాబులు తెరిచాక మొదలైతే మెమరీని అనుమానించాలి. మధ్యాహ్నం ఎండ ముదిరేసరికి పెరిగి రాత్రికి తగ్గితే వేడిని అనుమానించాలి. ఏ ప్రోగ్రామూ తెరవకపోయినా, తెర మీది కిటికీని (విండోను) మౌసుతో పట్టి లాగితే కుదుపులు కుదుపులుగా కదిలితే గ్రాఫిక్స్ సంగతి చూడాలి. ఉన్నట్టుండి అంతా కొన్ని సెకన్లు బిగుసుకుపోయి మళ్ళీ ఏమీ జరగనట్టు కదిలితే డిస్కు గురించి కంగారుపడాలి. ఈ చివరిది కనిపిస్తే మిగిలిన పనులన్నీ పక్కన పెట్టు.

తరువాత కొలవాలి. సిస్టమ్ మానిటర్ అనే ప్రోగ్రాము నీ కంప్యూటరులోనే ఉంది. దానిలో రిసోర్సెస్ అనే చోట ప్రాసెసరు, మెమరీ, స్వాప్ గీతలు కనిపిస్తాయి. దానితోపాటు ఆదేశాలు టైపు చేసే టెర్మినల్ అనే ప్రోగ్రాము తెరిచి టాప్ (top) అని ఇంగ్లీషు చిన్న అక్షరాలలో టైపు చేసి ఎంటర్ కొట్టు. పైనున్న వరుసలలో డబ్ల్యూఏ (wa) అన్న అక్షరాల పక్కనున్న అంకె, ప్రాసెసరు పనిలేక, డిస్కు జవాబు కోసం కూర్చున్న సమయం ఎంత శాతమో చెబుతుంది. నెమ్మదించిన క్షణంలో అది ఇరవై ముప్ఫైలలో ఉంటే ప్రాసెసరును నిందించవద్దు. అన్నిటికంటే పై వరుసలో లోడ్ యావరేజ్ అని మూడు అంకెలుంటాయి. అవి గత 1, 5, 15 నిమిషాల సగటులు. లైనక్సులో ఆ లెక్కలో డిస్కు కోసం ఆగిన పనులు కూడా కలుస్తాయి కాబట్టి, ప్రాసెసరు దాదాపు ఖాళీగా ఉన్నా అవి పెద్దవిగా కనిపించవచ్చు. అది చూసి ప్రాసెసరు చాలడం లేదని కొత్త యంత్రం కొనేవాళ్ళు ఎందరో ఉన్నారు.

మెమరీ విషయంలో కూడా ఒక అపోహ ఉంది. టెర్మినల్‌లో ఫ్రీ అని టైపు చేసి, ఖాళీ వదిలి, హైఫన్, హెచ్ (free -h) కొడితే వచ్చే పట్టికలో ఫ్రీ అన్న నిలువు వరుసలోని అంకె చిన్నదిగా ఉంటే చాలామంది భయపడతారు. ఖాళీగా ఉన్న మెమరీని లైనక్సు వృథాగా ఉంచదు. ఇదివరకు చదివిన ఫైళ్ళను అందులో దాచుకుంటుంది, అవసరమైతే వెంటనే వదిలేస్తుంది. నువ్వు చూడవలసింది అవైలబుల్ అన్న వరుసను. అది బాగా తగ్గిపోయి, కింద స్వాప్ వాడకం పెరుగుతూ ఉంటే అప్పుడు మెమరీ నిజంగా చాలడం లేదు. స్వాప్ అంటే మెమరీలో పట్టనిదానిని డిస్కు మీదకు దించడం. తిరిగే డిస్కు మీద ఆ దించడం, ఎక్కించడం మొదలైతే మౌసు బాణం కూడా ఆగిపోతుంది. మెమరీని ఖాళీ చేస్తామని చెప్పే క్లీనర్ ప్రోగ్రాములను ఎవరు చెప్పినా వేయకు. అవి ఆ దాచుకున్న ఫైళ్ళను పారేసి, మళ్ళీ డిస్కు నుంచి చదివించి, నెమ్మదిని పెంచుతాయి.

ఇక డిస్కు. నా అనుభవంలో ఇళ్ళలోని పాత కంప్యూటర్లకు ఎక్కువగా అడ్డుపడేది ఇదే కాబట్టి వివరంగా రాస్తున్నాను. నిమిషానికి 7200 సార్లు తిరిగే డిస్కు ఒక చుట్టు తిరగడానికి 8.3 మిల్లీసెకన్లు పడుతుంది. కావలసిన చోటు డిస్కును చదివే సూది కిందకు రావడానికి సగటున అందులో సగం, సూది పక్కకు జరగడానికి మరో ఎనిమిది తొమ్మిది మిల్లీసెకన్లు. అంటే చెల్లాచెదురుగా ఉన్న చిన్న చిన్న ముక్కలను సెకనుకు వందకు మించి చదవలేదు. డెస్క్‌టాప్ లేచేటప్పుడు చదవవలసినవి వేలకొద్దీ చిన్న ఫైళ్ళు: ఐకాన్లు, ఫాంట్లు, సెట్టింగులు, లైబ్రరీలు. ఉబుంటులోని ఫైర్‌ఫాక్స్ స్నాప్ అనే కుదించిన ప్యాకేజీ రూపంలో వస్తుంది కాబట్టి మొదటిసారి తెరిచినప్పుడు ఇంకా ఆలస్యం. కదిలే భాగాలు లేని ఎస్‌ఎస్‌డీ అయితే ఇలాంటి ముక్కలను సెకనుకు పదివేలకొద్దీ చదువుతుంది. అందుచేత ఈ కంప్యూటరు మీద నువ్వు ఒక్కసారే డబ్బు ఖర్చు పెట్టగలవనుకుంటే, ఆ డబ్బు ఎస్‌ఎస్‌డీకే పెట్టమంటాను. పాత మదర్‌బోర్డులో డిస్కు తగిలించే సాటా పోర్టు పూర్తి వేగం ఇవ్వకపోయినా ఫరవాలేదు. మనకు కావలసిన మేలు చిన్న ముక్కలను త్వరగా అందుకోవడంలో ఉంది.

కొనడానికి ముందు ఉన్న డిస్కు ఆరోగ్యం చూడు. డిస్క్స్ అనే ప్రోగ్రాములో నీ డిస్కును ఎంచుకుని, పైనున్న మూడు చుక్కల మెనూలో డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే స్మార్ట్ డేటా అన్నది తెరువు. రీఅలొకేటెడ్ సెక్టార్ కౌంట్, కరెంట్ పెండింగ్ సెక్టార్ కౌంట్ అనే రెండూ సున్నా ఉండాలి. పెండింగ్ అన్నది సున్నా కాకపోతే, డిస్కు చదవలేకపోతున్న చోట్లు కొన్ని ఉన్నాయనీ, వాటి దగ్గరకు వచ్చినప్పుడల్లా మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తూ డెస్క్‌టాప్ మొత్తాన్ని ఆపేస్తోందనీ తెలుసుకో. అలాంటి డిస్కును బాగుచేయించాలని చూడకు, మార్చెయ్యి. అదే పట్టికలో యూడీఎంఏ సీఆర్‌సీ ఎర్రర్ కౌంట్ పెద్దగా ఉంటే తప్పు చాలావరకు డిస్కుది కాదు, కేబులుది. ఆ అంకె ఎన్నటికీ తగ్గదు కాబట్టి, దానిని కాగితం మీద రాసుకుని, కేబులు మార్చి, వారం తరువాత పెరిగిందో లేదో చూడాలి. సాటా కేబులు ఖరీదు చాలా తక్కువ; దాని లోపానికి డిస్కును పారేయడం అన్యాయం.

డిస్కు మంచిదేనని తేలి, మెమరీ చాలడం లేదని తేలితే, నాలుగు జీబీని ఎనిమిది చేయించు. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేకపోతే గ్రాఫిక్స్ కూడా ఆ నాలుగు నుంచే కొంత వాటా తీసుకుంటుంది కాబట్టి నీకు మిగిలేది ఇంకా తక్కువ. డీడీఆర్3, డీడీఆర్4 అనే రెండు రకాల మెమరీ స్టిక్కులకు గాడి వేరే చోట ఉంటుంది, ఒకదాని చోట మరొకటి పట్టదు. అందువల్ల పాత స్టిక్కు మీద అంటించిన చీటీ చూడకుండా కొనవద్దు. కొనేదాకా జీర్యామ్ అనేదానిని మనవడి చేత పెట్టించుకో. అది డిస్కు మీదకు వెళ్ళవలసిన సమాచారాన్ని కుదించి మెమరీలోనే ఉంచుతుంది. స్వాప్‌ను ఎంత ఎక్కువగా వాడాలో చెప్పే స్వాపినెస్ అంకెను అరవై నుంచి పదికి తగ్గించమని చాలామంది చెబుతారు. మెమరీయే చాలనప్పుడు దానివల్ల ఒరిగేదేమీ ఉండదు.

యంత్రంలో ఏ లోటూ కనిపించకపోతే అప్పుడు డెస్క్‌టాప్ వైపు రావాలి. దీనికి చాలా నమ్మకమైన పరీక్ష ఒకటి ఉంది. సెట్టింగ్సులో యూజర్స్ అన్న చోట కొత్త యూజరును ఒకరిని చేర్చి, ఆ పేరుతో లాగిన్ అయి చూడు. అక్కడ చురుగ్గా ఉంటే యంత్రమూ, ఉబుంటూ రెండూ బాగున్నట్టే; తప్పు నీ యూజరు కింద పేరుకున్న సెట్టింగులలో ఉంది. అక్కడ కూడా అంతే నెమ్మదిగా ఉంటే నీ సెట్టింగులను కదిలించి ప్రయోజనం లేదు. మొదటిదే అయితే ముందు ఎక్స్‌టెన్షన్లన్నిటినీ, అంటే గ్నోమ్‌కు అదనంగా తగిలించుకున్న చిన్న ప్రోగ్రాములను, ఆపి చూడు. తరువాత ఫాంట్లు. శుభలేఖల పని చేసేవాళ్ళందరికీ ఉండే అలవాటే, దొరికిన ప్రతి తెలుగు, ఒడియా ఫాంటునూ చేర్చుకుంటూ పోవడం. వందలకొద్దీ ఫాంట్లు ఉంటే ప్రోగ్రాములు తెరుచుకోవడమూ, ఫాంట్ల జాబితా కిందకు దిగడమూ ఆలస్యమవుతాయి. పెళ్ళిళ్ళ రోజుల్లో నిజంగా వాడేవి ఉంచి, మిగిలినవి వేరే ఫోల్డరులోకి తీసి పెట్టు. అలాగే సెట్టింగ్సులో సెర్చ్ అన్న చోట, వెతకడానికి ఏయే ఫోల్డర్లను చదివి పెట్టుకోవాలో ఉంటుంది. పెద్ద పెద్ద ఫొటోలున్న ఫోల్డర్లను అందులోంచి తీసెయ్యి. సెట్టింగుల ఫోల్డరును మాత్రం ఎప్పుడూ చెరిపివేయకు. పేరు మార్చి పక్కన ఉంచితే, కావాలంటే వెనక్కి తెచ్చుకోవచ్చు.

కిటికీలు కుదుపులుగా కదిలే లక్షణం ఉంటే, సెట్టింగ్సులో సిస్టమ్ వివరాలు చూపే అబౌట్ పేజీలో గ్రాఫిక్స్ అన్న మాట ఎదుట ఏముందో చూడు. అక్కడ ఇంటెల్ పేరు గాని, గ్రాఫిక్స్ కార్డు పేరు గాని ఉండాలి. దానికి బదులు ఎల్ఎల్‌వీఎంపైప్ అని ఉంటే, తెర మీద ప్రతి బొమ్మనూ ప్రాసెసరే గీస్తోందన్నమాట. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు సేఫ్ గ్రాఫిక్స్ దారిని ఎంచుకుంటే నోమోడ్‌సెట్ అనే మాట బూట్ సెట్టింగులలో ఉండిపోవచ్చు. దానిని తీసేస్తే చాలావరకు సరిపోతుంది. మనవడిని ఆ రోజు ఏ దారిలో వేశాడో అడుగు.

వేడి సంగతి మన ప్రాంతంలో ఫిబ్రవరి దాటాక తప్పక చూసుకోవాలి. ప్రాసెసరు వేడి వంద డిగ్రీలకు దగ్గరపడితే అది తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. ప్లగ్గు తీసి, క్యాబినెట్ తెరిచి, ఫ్యాను రెక్కను వేలితో పట్టుకుని దుమ్ము ఊదించు. అయినా తగ్గకపోతే ప్రాసెసరు మీద ఎండిపోయిన పేస్టు మార్పించాలి. కరెంటు పోయినప్పుడల్లా డిస్కు మధ్యలో ఆగిపోకుండా చిన్న యూపీఎస్ అయినా ఉండాలని అల్లుడుగారితో చెప్పు.

గ్నోమ్ తీసేసి, దానికంటే తేలికైన డెస్క్‌టాప్‌లు ఎక్స్ఎఫ్‌సీఈ గాని ఎల్ఎక్స్‌క్యూటీ గాని పెట్టుకోమన్న సలహా నీకు తప్పకుండా వస్తుంది. అది మంచి సలహాయే, కాని చివరిది. కొన్ని వందల ఎంబీల మెమరీ మిగులుతుంది, ప్రాసెసరు మీద భారం తగ్గుతుంది. బ్రౌజరు మాత్రం అక్కడా అంతే తింటుంది, పాడైన డిస్కు అక్కడా అంతే ఆగుతుంది. పెట్టుకోవాలనుకుంటే గ్నోమ్‌ను తీసేయకుండానే పక్కన ఎక్స్ఎఫ్‌సీఈ వేసి, లాగిన్ తెర మీద కింద ఉన్న పళ్ళచక్రం గుర్తు నొక్కి ఎంచుకోవచ్చు. తెలుగు, ఒడియా కీబోర్డులను, టైపు చేసే భాషను మార్చే ఐబస్ అనే ప్రోగ్రాము సెట్టింగులలో మళ్ళీ చేర్చుకోవలసి ఉంటుందని గుర్తుంచుకో, లేకపోతే మొదటి రోజే విసుగొస్తుంది.

వీలైతే ఈ వారంలోనే నాలుగు వివరాలు రాసి పంపు: నెమ్మదించిన క్షణంలో డబ్ల్యూఏ అంకె, అవైలబుల్ మెమరీ, పెండింగ్ సెక్టార్ల అంకె, అబౌట్ పేజీలో గ్రాఫిక్స్ ఎదుట ఉన్న పేరు. క్యాబినెట్ తెరిచినప్పుడు మెమరీ స్టిక్కు మీది చీటీని ఫోన్లో ఫొటో తీసి దానితోపాటు పంపితే, నేను ఈసారి విశాఖ వెళ్ళినప్పుడు సరిపడేది చూసి తెస్తాను. అంతవరకూ గుణుపురంలో ఎవరు చెప్పినా ఫార్మాట్‌కు ఒప్పుకోవద్దు.

ఇట్లు,
నీ మేనమామ