నెల్లూరు పిల్లలు ఎక్కడ నవ్వుతారో రాసుకోవడం ఉద్యోగమేనా?

ప్రశ్న: మాది కావలి. ఎరువుల షాపు నడుపుతాను. మా అమ్మాయి బీకాం పూర్తి చేసింది. ఎంబీఏలో చేరమంటే ఒక్క ఏడాది ఆగమంటోంది. హైదరాబాద్‌లో నలుగురు కలిసి, నవ్విస్తూ చరిత్ర చెప్పే ట్రావెల్ డాక్యుమెంటరీ తీస్తున్నారట. మొదటి భాగం ఉదయగిరి కోట, తర్వాత ఒంగోలు గిత్త, మోటుపల్లి రేవు. మా అమ్మాయి కెమెరా పట్టుకోదు, కెమెరా ముందుకూ రాదు. స్కూళ్లకు, కాలేజీలకు వెళ్లి పిల్లలకు వీడియో ముక్కలు చూపించి, వాళ్లు ఎక్కడ నవ్వారో రాసుకొస్తుంది. రోజుకింత అని ఇస్తున్నారు. బంధువులు అడిగితే గ్రూప్స్‌కి కోచింగ్ తీసుకుంటోందని చెబుతున్నాం. ఆమె నోటుబుక్కులో ఒక పేజీ ఫొటో తీసి పంపుతున్నా, మీరే చూడండి. దీనికి భవిష్యత్తు ఉందా? మాస్ కమ్యూనికేషన్‌లో చేర్పించాలా, ఎంబీఏ మార్కెటింగా? ఎలాగూ ఇదే రంగం అంటోంది కాబట్టి సొంతంగా యూట్యూబ్ ఛానల్ పెట్టించమంటారా?

జవాబు: ముందు ఆ నోటుబుక్కు పేజీ సంగతి చెబుతాను. అమ్మాయి కాలం వృథా చేస్తోందని నాకు అర్థమవ్వాలని దాన్ని పంపారు. నేను రెండుసార్లు చదివాను. ఎడమ పక్క నిమిషాలు, సెకన్లు. మధ్యలో తెర మీద ఏం నడుస్తోందో. కుడి పక్క పిల్లలు ఏం చేశారో. 3:40 దగ్గర, కృష్ణదేవరాయలు సైన్యంతో బయల్దేరే చోట, ‘వెనక బెంచీ ఫోన్ తీసింది’ అని ఉంది. 4:15 దగ్గర యాంకర్ మెట్ల మీద జారితే ‘ఎనిమిదో తరగతి పగలబడి నవ్వింది, ఇంటర్ వాళ్లు నవ్వలేదు’ అని ఉంది. 5:05 దగ్గర, ముట్టడి ఏడాదిన్నర సాగిందనగానే అందరూ తలెత్తారట. ఒకబ్బాయి ‘అన్నాళ్లు కోట లోపలోళ్లు ఏం తిన్నారక్కా?’ అన్నాడట. దాని కింద ఎర్ర ఇంకుతో గీత గీసి, ‘స్క్రిప్టులో దీనికి జవాబు లేదు’ అని రాసుకుంది.

ఆ ఒక్క లైను ఆ నలుగురికి ఎంత మేలు చేస్తుందో మీకు చెప్పాలి. ఒడిశా గజపతి రాజుల చేతిలో ఉన్న ఉదయగిరిని కృష్ణదేవరాయలు 1514లో గెలిచాడు. కోట లొంగడానికి దాదాపు ఏడాదిన్నర పట్టింది. స్క్రిప్టు రాసేవాళ్లు సాధారణంగా ఏం చేస్తారు? సినిమాల్లో చూసినట్టు గుర్రాలు, కత్తులు, డప్పులు పెడతారు. పిల్లలు అదంతా ఇంతకన్నా పెద్ద తెర మీద, ఇంతకన్నా బాగా చూసేశారు. అందుకే ఫోన్ తీశారు. వాళ్లకు కావలసింది ఆ ఏడాదిన్నరలో కొండ మీద నీళ్లెలా వచ్చాయి, గింజలు అయిపోతే ఏం చేశారు, కింద డేరాల్లో కాపు కాసినవాళ్లు మన ఎండల్లో ఎలా ఉన్నారు అన్నది. హాస్యం కూడా సహజంగా అక్కడే పుడుతుంది. ఈ సంగతి హైదరాబాద్ ఆఫీసులో కూర్చుంటే తెలియదు. మీ అమ్మాయి బస్సెక్కి వెళ్లి కనుక్కుంది.

దీన్ని ఆడియన్స్ రీసెర్చ్ అంటారు. మన తరానికి ఇలాంటి పని ఒకటుంటుందని తెలియకపోవడానికి కారణం ఉంది. 1948లో కేంద్రం ఫిల్మ్స్ డివిజన్ పెట్టింది. వాళ్ల న్యూస్‌రీళ్లు, డాక్యుమెంటరీలు సినిమా హాల్లో అసలు బొమ్మకు ముందు వేసేవాళ్లు. టికెట్ కొన్నాక చూడక తప్పేది కాదు. నచ్చిందా అని మనల్ని ఎవరూ అడగలేదు. ఇప్పుడు చూసేవాడి బొటనవేలు కదిలితే చాలు, మీ డాక్యుమెంటరీ పోయి ఇంకొకటి వస్తుంది. కాబట్టి తీయకముందే, తీస్తున్నప్పుడే అడిగి తెలుసుకోవాలి. టీవీ చూసేవాళ్ల లెక్కలు తీయడానికి బార్క్ అనే సంస్థ ఇళ్లలో మీటర్లు పెడుతుంది. కాంటార్, ఇప్సాస్, నీల్సన్‌ఐక్యూ లాంటి కంపెనీలు సబ్బు నుంచి సినిమా దాకా జనం ఏమనుకుంటున్నారో అడిగి చెప్పడమే వ్యాపారంగా నడుస్తున్నాయి. నలుగురిని కూర్చోబెట్టి మాట్లాడించేవాళ్లు, ప్రశ్నలు తయారుచేసేవాళ్లు, వచ్చిన జవాబుల్ని విడదీసి చూసేవాళ్లు, అందరికీ అక్కడ పని ఉంటుంది. భవిష్యత్తు ఉందా అని అడిగారు, ఉంది.

అయితే ఇది తేలికైన పనని మాత్రం అనుకోకండి. పిల్లల్ని ‘బాగుందా?’ అని అడిగితే ‘బాగుందక్కా’ అంటారు. పక్కన సారు నిలబడి ఉంటే ఇంకా గట్టిగా అంటారు. ఆ మాట దేనికీ పనికిరాదు. ‘మీ తమ్ముడికి ఈ కథ చెప్పు, నేను వింటాను’ అనాలి. అప్పుడు ఏది గుర్తుంది, ఏది జారిపోయిందో బయటపడుతుంది. నవ్వించే డాక్యుమెంటరీలకు ఉన్న పెద్ద జబ్బు, జోకు గుర్తుండి చరిత్ర మర్చిపోవడం. మర్నాడు మళ్లీ వెళ్లి అడిగితే తప్ప అది తెలియదు. మీ అమ్మాయి మర్నాడు కూడా వెళ్తోందో లేదో కనుక్కోండి. వెళ్లకపోతే వెళ్లమనండి. బస్సు ఖర్చు మీరు పెట్టుకున్నా తప్పులేదు.

వయసు తేడా ఆమె అప్పుడే పట్టుకుంది. పదమూడేళ్ల వాడు ఎవరైనా జారిపడితే నవ్వుతాడు. పదిహేడేళ్ల అమ్మాయి తనని చిన్నపిల్లలా చూస్తున్నారనిపిస్తే ఆ క్షణంలోనే వీడియో మూసేస్తుంది. ఇద్దరికీ ఒకే వీడియో చాలదు. దీని వెనక డబ్బు లెక్క కూడా ఉంది. యూట్యూబ్‌లో వీడియో పిల్లల కోసం తీసిందని గుర్తు పెడితే, 2020 నుంచి దానికి కామెంట్లు ఉండవు, చూసేవాళ్లను బట్టి వేసే ప్రకటనలూ రావు. అంటే చూసేది ఎనిమిదో తరగతి వాళ్లా, ఇంటర్ వాళ్లా అన్నది ఆ నలుగురి జేబుకు సంబంధించిన ప్రశ్న. యూట్యూబ్ చూపించే వయసుల లెక్కను ఇక్కడ పూర్తిగా నమ్మడానికి లేదు. కావలిలో, కనిగిరిలో పిల్లాడు చూసేది వాళ్ల అమ్మ ఫోన్లో. లెక్కలో మాత్రం నలభై ఏళ్లావిడ చూసినట్టు పడుతుంది. ఎదురుగా కూర్చుని చూసే మనిషి అవసరం అందుకే.

ఇక ఛానల్ పెట్టించమంటారా అన్న ప్రశ్న. ఈ మధ్య నా దగ్గరికి వచ్చే తల్లిదండ్రుల్లో చాలామంది ఇదే అడుగుతున్నారు. పిల్లలు అడిగితే అర్థం చేసుకుంటాను. పెద్దవాళ్లే అడుగుతుంటే భయమేస్తోంది. ట్రావెల్ వ్లాగింగ్ మీద నాకున్న అనుమానాలు దాచుకోను. మనకు కనిపించేది నిలబడ్డ కొద్దిమందే. ఈఎంఐ మీద కెమెరా, డ్రోన్ కొని, ఏడాది తిరిగి, అమ్మేసుకున్నవాళ్లు కనిపించరు. ప్రకటనల డబ్బు వ్యూస్ మీద ఆధారపడుతుంది. వ్యూస్ దేని మీద ఆధారపడతాయో చెప్పగలిగేవాళ్లు లేరు. ఒక నెల వచ్చింది, తర్వాత నెల రాదు. ఇరవై రెండేళ్ల పిల్ల ప్రతి రాత్రీ ఆ అంకెలు చూసుకుని పడుకోవడం నాకు ఇష్టం లేదు.

నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇంకోటి. చరిత్ర వీడియోలకు త్వరగా వ్యూస్ తెచ్చే దారి గుప్తనిధులు. ఏ పాత కోట పేరు కొట్టినా ముందు వచ్చేవి సొరంగాలు, నిధులు, శాపాలు. వాటిని చూసి రాత్రిళ్లు గడ్డపారలతో వచ్చి గుళ్లు, గోడలు తవ్వేవాళ్లున్నారు. మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో పాత కట్టడాలున్న ఏ ఊరివాళ్లనడిగినా చెబుతారు. సొంత ఛానల్ పెట్టి, మూడు నెలలు చూసేవాళ్లు లేకపోతే, ఎంత మంచి పిల్లయినా థంబ్‌నెయిల్ మీద, అంటే వీడియో తెరవకముందు కనిపించే బొమ్మ మీద, ‘నిధి’ అని రాయాలనిపించే ఒత్తిడి వస్తుంది. హాస్యం విషయంలోనూ అంతే. ఊళ్లో గొర్రెలు కాసుకునే పెద్దాయన యాస మీద నవ్వడం చాలా సులువు. ఆ నవ్వు మన పిల్లల్ని వాళ్ల తాతల నుంచి దూరం చేస్తుంది.

నిజం చెబితే నవ్వు రాదా అంటే, మీ అమ్మాయి వెళ్లిన దారిలోనే కావలసినంత ఉంది. బ్రెజిల్‌లో మాంసం కోసం పెంచే పశువుల్లో ఎక్కువ భాగం నెలోర్ జాతివి. ఆ పేరు మన నెల్లూరిది, మూలం మన ఒంగోలు పశువులు. ఒంగోలు పిల్లాడికి ‘పశువు మాది, పేరు వాళ్లదా!’ అని రోషం రావాలి, నెల్లూరు పిల్లాడు మీసం మెలేయాలి. మోటుపల్లి ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఉంది, మొన్నటిదాకా ప్రకాశమే. అక్కడ కాకతీయ గణపతిదేవుడు 1244లో అభయ శాసనం వేయించాడు. అంతకుముందు తుఫానుకు ఓడ ఒడ్డుకు కొట్టుకొస్తే అందులో సరుకంతా రాజులు లాగేసుకునేవాళ్లు. ఇకపై సుంకం తప్ప ఏమీ తీసుకోనని ఈయన వర్తకులకు మాటిచ్చాడు. ఇంటర్‌లో కామర్స్ చదివే పిల్లలకు ఇది చెప్పి చూడమనండి. ఓడ మునిగితే రాజుకు పండగా అని వాళ్లే జోకులు వేస్తారు. వాటిని రాసుకొస్తే చాలు.

ఇప్పుడు కాస్త గట్టిగా మాట్లాడాలి, ఏమీ అనుకోకండి. గ్రూప్స్ కోచింగ్ అని బంధువులకు చెబుతున్నాం అన్నారు. అమ్మాయి అదే ఇంట్లో ఉంది, మీరు ఫోన్లో ఆ మాట అంటుంటే వింటుంది. ఆమె పొద్దున్నే లేచి బస్సెక్కి వెళ్లి, అరవైమంది పిల్లల్ని నిశ్శబ్దంగా కూర్చోబెట్టి పని చేసుకొస్తే, అది నలుగురికీ చెప్పుకోదగ్గది కాదని మీరు ఆమెకు రోజూ చెబుతున్నట్టే. పైగా రేపు గ్రూప్స్ ఫలితాలు వచ్చినప్పుడు అందరూ ఆమెనే అడుగుతారు. రాయని పరీక్షలో ఫెయిలైనట్టు ఆ పిల్ల తల దించుకోవాలా? మీ భయం ఉద్యోగం గురించి కాదని నాకు అనిపిస్తోంది. పెళ్లి సంబంధాలవాళ్లు అడిగితే అమ్మాయి ఏం చేస్తుందని చెప్పాలో తెలియక సతమతమవుతున్నారు. దానికి జవాబు నేనిస్తాను. ‘మా అమ్మాయి డాక్యుమెంటరీ సంస్థలో రీసెర్చర్‌గా చేస్తోంది’ అనండి. అందులో అబద్ధం లేదు.

కోర్సుల మాటకొస్తే, మీరు అడిగినంత పెద్ద పోలిక ఇక్కడ అవసరం లేదు. మాస్ కమ్యూనికేషన్‌లో వార్తలు రాయడం, వీడియో తీయడం ఎక్కువ. అయితే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ లాంటి చోట కమ్యూనికేషన్ పీజీలో పరిశోధన పద్ధతులు కూడా చెబుతారు. ఎంబీఏ మార్కెటింగ్‌లో మార్కెట్ రీసెర్చ్ ఒక సబ్జెక్టుగా ఉంటుంది, స్టాటిస్టిక్స్ గట్టిపడుతుంది, క్యాంపస్‌కు కంపెనీలు వచ్చే కాలేజీ అయితేనే లాభం. పుణె, కోల్‌కతాల్లోని ప్రభుత్వ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్లు మంచివే గానీ, అవి తీసేవాళ్లకు. అమ్మాయికి పిల్లలతో మాట్లాడటం ఇష్టమైతే కమ్యూనికేషన్ గానీ సోషియాలజీ గానీ, వచ్చిన జవాబుల్ని లెక్కలేసి చూడటం ఇష్టమైతే ఎంబీఏ. ఏది ఇష్టమో ఈ ఏడాదిలో ఆమెకే తెలుస్తుంది, కాబట్టి ఆ ఏడాది ఇవ్వండి. ఒక్క ఏడాదికి ఎంబీఏ ఎక్కడికీ పోదు. ఈలోపు ఎక్సెల్ బాగా నేర్చుకోమనండి. ప్లేస్‌మెంట్ గ్యారంటీ అంటూ మూడు నెలల డిజిటల్ కోర్సుకు వేలకు వేలు అడిగేవాళ్లకు రూపాయి కూడా కట్టకండి.

మీరు వెంటనే పట్టించుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. ఆ నలుగురి దగ్గర్నుంచి ఒక కాగితం రాయించుకోవాలి. రోజుకి ఎంత, ప్రయాణం ఖర్చు ఎవరిది, టైటిల్స్‌లో ఆమె పేరు ఏ హోదాతో వేస్తారు, ఇవన్నీ అందులో ఉండాలి. రేపు ఏ కంపెనీకి వెళ్లినా ఆ పేరే ఆమెకు సర్టిఫికెట్. స్కూళ్లలో హెడ్‌మాస్టర్ నోటిమాట చాలదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 18 ఏళ్లు నిండనివాళ్లందర్నీ పిల్లలుగానే చూస్తుంది, వాళ్ల వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలంటుంది. కాబట్టి పేర్లు, ఫోన్ నంబర్లు రాసుకోకుండా ‘ఎనిమిదో తరగతి, అబ్బాయి’ అని మాత్రమే రాసుకోమనండి. ముఖాలు వీడియో తీయాల్సి వస్తే ఇంటివాళ్ల సంతకం ముందుగా తెప్పించుకోవాలి. ఆ అనుమతి ఫారం తెలుగులో ఉండాలి, ఒక పేజీ దాటకూడదు. మీ షాపుకు వచ్చే రైతులు చదివి అర్థం చేసుకోగలరా అని మీరే చూసిపెట్టండి. ఆ పని మీకన్నా బాగా ఎవరూ చేయలేరు.