ఆకు ఈనె, ఆరంతస్తుల మేడ, ఆగని బస్సు

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫొటోలన్నీ చూశాను. మంచు బొట్లు, పాత మేడలు, బస్సులు, మెట్రో రైళ్లు, వీటిలో ఏ ఒక్కటీ వదలబుద్ధి కావడం లేదన్నావు. వదలక్కర్లేదు. కాకపోతే అన్నింటినీ ఒకే సెట్టింగుతో తీస్తున్నావు, చిక్కంతా అక్కడే. చిన్నవాటికి ముందు చూసుకోవాల్సింది అపర్చరు, అంటే లెన్సులో వెలుగు దూరే కంత సైజు. కట్టడాలకు నువ్వు నిలబడే చోటు, బస్సులకు షట్టరు, అంటే వెలుగును ఎంతసేపు లోపలికి రానిస్తున్నావన్నది. ఆ ఒక్కటీ తేల్చుకున్నాక మిగతావి కెమెరాకు వదిలేసినా పెద్ద నష్టం లేదు.

చిన్నవాటి సంగతే ఎక్కువ రాస్తాను, పొరపాట్లు అక్కడే ఎక్కువ. సెంటీమీటరు పురుగు సెన్సరు (కెమెరా లోపల బొమ్మ పడే పలక) మీద సెంటీమీటరే పడేంత దగ్గరగా వెళ్తే, ఎఫ్/8 అపర్చరు దగ్గర పదునుగా వచ్చే మందం ఫుల్‌ఫ్రేమ్ (పాత ఫిల్ము సైజు సెన్సరున్న) కెమెరాలో దాదాపు ఒక మిల్లీమీటరు. నీ తూనీగకు కన్ను బాగా వచ్చి తోక అలికినట్టయింది అందుకే. ఎఫ్ పక్క అంకె పెరిగేకొద్దీ కంత చిన్నదవుతుంది, పదును మందం పెరుగుతుంది. అలాగని ఎఫ్/22కి పోకు. అంత దగ్గరలో లెన్సు మీది అంకె నమ్మదగ్గది కాదు. ఎఫ్/16 అని పెడితే అది ఎఫ్/32లా పనిచేస్తుంది. మరీ సన్నటి కంతలోంచి వచ్చే కాంతి చెదిరి ఫొటో మొత్తం మెత్తబడుతుంది, వెలుగూ చాలదు. ఎఫ్/8, మహా అయితే ఎఫ్/11 దగ్గర ఆగు. మిగతాది కోణంతో రాబట్టుకోవాలి. రెక్క గానీ ఆకు గానీ సెన్సరుకు సమాంతరంగా ఉండేలా నువ్వే జరిగితే, ఉన్న ఆ మిల్లీమీటరులోనే అంతా ఇమిడిపోతుంది.

ఫోకస్ రింగు తిప్పుతూ కూర్చోకు. మాన్యువల్‌లో పెట్టి, కావలసిన సైజు వచ్చేలా రింగును ఒకచోట ఉంచి, నువ్వే మెల్లగా ముందుకూ వెనక్కూ ఊగు. కన్ను పదును తేలినప్పుడు వరసగా ఐదారు నొక్కు. ఒకటైనా నిలుస్తుంది. మోచేతులు నేలకో మోకాలికో ఆన్చుకుంటే ఇంకా మంచిది. పురుగుకు రెండు కళ్లూ కుదరకపోతే నీకు దగ్గరగా ఉన్న కన్ను మీద పెట్టు. దూరపు కన్ను పదునుగా ఉండి దగ్గరది మసకైతే చూసేవాళ్లకు ఇబ్బందిగా ఉంటుంది.

చిన్నవాటిని దగ్గర నుంచి తీయడానికే చేసిన మాక్రో లెన్సు ఇప్పుడే కొనకు. నీ దగ్గరున్న 50 మి.మీ. లెన్సుకు 25 మి.మీ. ఎక్స్‌టెన్షన్ ట్యూబు (లెన్సుకూ కెమెరాకూ మధ్య బిగించే ఖాళీ గొట్టం) వేస్తే సెన్సరు మీద బొమ్మ అసలు సైజులో సగం వస్తుంది. ట్యూబు పొడవును లెన్సు ఫోకల్ లెంగ్తుతో, అంటే లెన్సు మీద రాసిన ఆ మి.మీ. అంకెతో, భాగించడమే లెక్క. 200 మి.మీ. లెన్సుకు అదే ట్యూబు వేస్తే ఎనిమిదో వంతే పెరుగుతుంది, దండగ. పొడుగు లెన్సులకు ముందు బిగించే క్లోజప్ ఫిల్టరు మేలు. ప్లస్ 2 ఫిల్టరుతో 200 మి.మీ. లెన్సు అరమీటరు దూరం నుంచే అసలు సైజులో నాలుగు పదో వంతులు ఇస్తుంది, పురుగూ బెదరదు. ఒంటి గాజు ఫిల్టర్లలో అంచుల వెంట రంగులు చీలతాయి, రెండు గాజులు అతికించింది చూసుకో. ట్యూబుల్లో కూడా లోపల కరెంటు పిన్నులు ఉన్నవే తీసుకో, లేకపోతే చాలా లెన్సుల్లో అపర్చరు మార్చలేవు. ఫోన్‌తో తీస్తే మాక్రో మోడ్‌లో నాలుగైదు సెంటీమీటర్లకు వెళ్లగానే ఫోన్ నీడే పువ్వు మీద పడుతుంది. వెలుగు పక్క నుంచి వచ్చేలా తిరిగి నిలబడు.

గాలికి విరుగుడు తెల్లవారుజామే. అప్పుడు గాలి తక్కువ, చలికి పురుగులు కదలవు, మంచు బొట్లూ అప్పుడే. బొట్టు ఒక చిన్న లెన్సు. వెనకున్నది అందులో తలకిందులుగా కనిపిస్తుంది. బొట్టు వెనక కొన్ని అంగుళాల దూరంలో ఒక పువ్వు ఉండేలా చూసుకుని, ఫోకస్ బొట్టు అంచు మీద కాక లోపలి బొమ్మ మీద పెట్టు. కాడ ఊగుతుంటే పక్కన పుల్ల గుచ్చి బట్టల క్లిప్పుతో ఆనించు. ఫ్లాష్ వాడితే ముందు తెల్ల టిష్యూ కాగితం కట్టు, లేదంటే పురుగు వీపు మీద తెల్లటి మచ్చ మెరుస్తుంది. పురుగుల్ని ఫ్రిజ్‌లో పెట్టి మొద్దుబార్చి తీసేవాళ్లున్నారు. అది మనకొద్దు. గూళ్ల జోలికీ పోకు.

కట్టడాలకొస్తే, నీ మేడలన్నీ వెనక్కి వాలిపోతున్నాయి. కెమెరాను పైకెత్తగానే నిలువు గీతలు పైన కలుసుకోబోతాయి, అందులో లెన్సు తప్పేం లేదు. కెమెరాను నేలకు సమంగా పట్టుకుని వెనక్కి నడువు, పైకప్పు ఫ్రేములోకి వచ్చేదాకా. కింద రోడ్డు ఎక్కువ వస్తే తర్వాత కత్తిరించు. వెనక చోటు లేకపోతే ఎదుటి భవనం రెండో మూడో అంతస్తుకు అడిగి ఎక్కు, మేడ ఎత్తులో సగానికి చేరితే వంపే ఉండదు. ఎడిటింగ్‌లో నిటారు చేయొచ్చు గానీ అంచులు పోతాయి, అందుకని చుట్టూ చోటు వదిలి తీయాలి. పూర్తిగా నిటారు చేస్తే ఒక్కోసారి మేడ తల బరువెక్కినట్టు కనిపిస్తుంది, రవ్వంత వాలు ఉంచెయ్యి.

చెక్కడాలూ ఇటుకల గరుకుదనమూ కావాలంటే ఎండ గోడను ఒరుసుకుంటూ పక్క నుంచి పడే వేళ చూసుకో. ఎదురెండలో గోడ చప్పిడిగా ఉంటుంది. ఏ గోడకు ఏ గంటకు అలా పడుతుందో ఒక పుస్తకంలో రాసుకో, ఆరు నెలలకు సూర్యుడి దారి మారుతుందని నెల కూడా. అద్దాల భవనాల మీది ప్రతిబింబం వద్దనుకుంటే పోలరైజర్ (లెన్సు ముందు బిగించి తిప్పే, మెరుపు తగ్గించే ఫిల్టరు) పనికొస్తుంది, కానీ అద్దానికి ఎదురుగా నిలబడితే కాదు. నీ చూపు అద్దం తలానికి 35 డిగ్రీల వాలున ఉన్నప్పుడు ప్రతిబింబాన్ని బాగా కోస్తుంది. లోహపు మెరుపును అది తీయలేదు. ఆకాశం ఎక్కువున్న వైడ్ ఫొటోలో దాన్ని వాడకు, నీలం ఒక మూల చిక్కగా, ఒక మూల పల్చగా వస్తుంది.

ఇక బస్సులు, రైళ్లు. ముందు పక్కకు వెళ్లే బస్సుతో నేర్చుకో. వెనక అంతా గీతలై బస్సు మాత్రం నిలవాలంటే షట్టరు 1/30 సెకనులో పెట్టి, పాదాలు బస్సు నీ ఎదురుగా వచ్చే చోటుకు తిప్పి నిలబడి, నడుము పైభాగాన్ని మాత్రం దానితోపాటు తిప్పు. నొక్కాక కూడా తిప్పుతూనే ఉండాలి. నొక్కగానే ఆగడం అలవాటైతే అన్నీ పోతాయి. నిమ్మళంగా కుదిరాక 1/15కి దిగు. కదలకుండా బిగిసిపోయినట్టు కావాలంటే 1/500. నీవైపే వస్తున్న బండికి 1/250 చాలు. నా మటుకు 1/500లో తీసిన బస్సు ఆగి ఉన్న బస్సులాగే ఉంటుంది, చక్రాలన్నా తిరగనివ్వాలి.

నీ ఫొటోల్లో బస్సు ముందు బోర్డు మీద సగం అక్షరాలే ఉన్నాయి చూశావా? ఎల్‌ఈడీ బోర్డు వరసలన్నీ ఒకేసారి వెలగవు, ఒకదాని తర్వాత ఒకటి అతివేగంగా వెలిగి ఆరతాయి. షట్టరు అంతకన్నా వేగంగా మూసుకుంటే వెలిగినంతే పడుతుంది. 1/125తో మొదలుపెట్టి, అక్షరాలు నిండేదాకా 1/60 వైపు దిగు. స్టేషన్ ట్యూబులైట్ల కింద చారలొస్తే కారణం దాదాపు ఇదే. కరెంటు 50 హెర్ట్జ్ ఉన్నచోట అవి సెకనుకు వందసార్లు మినుకుతాయి, 1/50 గానీ 1/100 గానీ పెట్టు. 60 హెర్ట్జ్ అయితే 1/60, 1/120. శబ్దం రాదని ఎలక్ట్రానిక్ షట్టరు వాడుతున్నట్టున్నావు, అది బొమ్మను వరస తర్వాత వరసగా చదువుతుంది, రైలు తలుపులు పక్కకు ఒరగడం దాని చలవే. మెకానికల్‌కి మార్చు.

బండి లోపలి నుంచి తీస్తే లెన్సును కిటికీ అద్దానికి దాదాపు ఆన్చి, చుట్టూ నల్ల గుడ్డ కప్పు. గట్టిగా ఆన్చితే బండి అదురు కెమెరాకు ఎక్కుతుంది. ప్లాట్‌ఫారం మీద గీతకు ఇవతలే ఉండు, డ్రైవరు వైపు ఫ్లాష్ ఎప్పుడూ వేయకు, స్టాండు వేసేముందు సిబ్బందిని అడుగు. వద్దంటే వాదించకుండా వచ్చేయ్.

ఈసారి ఫొటోలు వాట్సాప్‌లో పంపేటప్పుడు డాక్యుమెంటుగా పంపు. మామూలుగా పంపితే అది ఫైలును కుదించేస్తుంది, షట్టరు, అపర్చరు వివరాలు కూడా ఎగిరిపోతాయి. అవి లేకుండా తప్పెక్కడో నేను ఊహించి చెప్పాల్సి వస్తోంది. బాగా రానివి కూడా పంపు.