నిప్పుకు రూపం, నిప్పు లేని మంట: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

నిప్పు గురించీ, నిప్పును తలపించే వాటి గురించీ ప్రశ్నలు పంపమని గత సంచికలో కోరాం. వంటింటి నుంచి గుడి దాకా, అడవి నుంచి ఆవకాయ జాడీ దాకా ఎన్నో విషయాల మీద ఉత్తరాలు వచ్చాయి. ఒకే సంగతి అడిగినవారి ప్రశ్నలను ఒకచోట చేర్చి, వివరంగా చెప్పవలసిన వాటికి ఎక్కువ చోటు ఇస్తున్నాం.

ప్రశ్న: గ్యాస్ పొయ్యి మంట నీలంగా ఉంటుంది, దేవుడి గదిలో దీపం పసుపుగా వెలుగుతుంది. పప్పుచారు పొంగి పొయ్యి మీద పడితే నీలి మంట కూడా నారింజ రంగుకు తిరుగుతుంది. ఈ తేడాలు ఎందుకు? (ఒక గృహిణి, తెనాలి)

జవాబు: దీపం ఇచ్చే పసుపు వెలుగు మసి ఇచ్చే వెలుగు. వత్తి పీల్చిన నూనె ఆవిరై మండేటప్పుడు మంట లోపలి భాగానికి చాలినంత గాలి అందదు కాబట్టి, అక్కడి కర్బనం పూర్తిగా కాలక కంటికి ఆనని నలుసులుగా మిగులుతుంది. ఆ నలుసులు కొలిమిలో కాగిన ఇనుములా వేడికి వెలుగుతాయి. దీపం మీద పళ్లెం బోర్లించి పట్టుకుంటే దాని అడుగున చేరే మసి అదే, పూర్వం ఇళ్లలో కాటుక పట్టింది దాంతోనే. గ్యాస్ పొయ్యిలో మాత్రం సన్నని రంధ్రం నుంచి దూసుకువచ్చే గ్యాస్ దారిలోనే గాలిని తనతో లాక్కుని, బర్నర్ చేరేసరికి దానితో కలిసిపోతుంది. మసి మిగలకుండా కాలుతుంది కాబట్టి, మండుతున్న అణువుల ముక్కలు వెలువరించే నీలి కాంతి ఒక్కటే మనకు కనిపిస్తుంది.

పప్పుచారు పొంగినప్పుడు రంగు మార్చేది అందులోని ఉప్పు. ఉప్పులోని సోడియం మంటలో పడగానే 589 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర పసుపు కాంతిని ఇస్తుంది. పాత వీధి దీపాల వెలుగు కూడా ఈ సోడియందే. దీపావళి మతాబుల్లో ఎరుపుకు స్ట్రాన్షియం లవణాలనూ, ఆకుపచ్చకు బేరియం లవణాలనూ కలపడం వెనుక ఉన్నదీ ఇదే సూత్రం. ఏదీ పొంగకుండానే మంట పసుపుగా ఉండి గిన్నెలకు మసి పడుతూ ఉంటే అది వేరే సంగతి. బర్నర్ రంధ్రాలు పూడుకుపోయాయనో, గాలి చాలడం లేదనో అర్థం కాబట్టి వెంటనే శుభ్రం చేయించండి.

మంట కొసదేరి పైకే ఎందుకు లేస్తుందని మరో ఇద్దరు అడిగారు. వేడెక్కిన వాయువులు తేలికై పైకి పోతూ, అడుగు నుంచి చల్లని గాలిని లోపలికి లాగుతాయి. ఆ ప్రవాహమే మంటను సాగదీసి పైన సన్నగా చేస్తుంది. భారరహిత స్థితిలో ఈ ప్రవాహం ఉండదు. అందుకే అంతరిక్ష నౌకల్లో వెలిగించి చూసిన కొవ్వొత్తి మంట గుండ్రంగా, లేత నీలంగా కనిపించింది.

ప్రశ్న: శివరాత్రి వెళ్లగానే మా ఊరి గుట్టలు అంటుకున్నట్టు ఎర్రబడతాయి. మోదుగ చెట్టు ఆకులన్నీ రాల్చి పువ్వులు మాత్రమే ఎందుకు పూస్తుంది? ఆ పువ్వులతో హోలీ రంగు చేసుకోవడం ఎలా? (ఒక ఉపాధ్యాయుడు, ఆసిఫాబాద్)

జవాబు: మీరు చూస్తున్న దృశ్యాన్ని చూసే ప్రాచీన కవులు వసంతంలో అడవి కాలిపోతోందని వర్ణించారు. ఒక్క పువ్వును చేతిలోకి తీసుకుని చూడండి. అడుగున మఖమలు లాంటి నూగుతో నల్లని గోధుమ రంగు రక్షకపత్రాలు, వాటిలోంచి చిలుక ముక్కులా వంగి పైకి లేచిన నారింజ రంగు రేకు ఉంటాయి. మోడువారిన కొమ్మ పొడవునా ఇవి గుత్తులుగా విచ్చుకుంటే, నల్లబడ్డ కట్టె చివర మంట నిలిచినట్టే ఉంటుంది.

మోదుగ పువ్వుకు చెప్పుకోదగిన వాసన లేదు. అది పిలిచేది ముఖ్యంగా పక్షులను. తేనెపిట్టలు, గోరింకలు ఎర్రని, నారింజ రంగులను దూరం నుంచే గుర్తుపట్టి తేనె కోసం వచ్చి పుప్పొడిని చెట్టు నుంచి చెట్టుకు చేరుస్తాయి, అడ్డుగా ఆకులు లేకపోవడం వాటికి దారిని సులువు చేస్తుంది. ఎండాకాలపు తొలి రోజుల్లో నీరు కరువైన నేలలో ఆకులను వదులుకోవడం చెట్టుకు పొదుపు కూడా. పూత అయ్యాక వచ్చే వెడల్పాటి ఆకులతోనే మనం విస్తళ్లు కుట్టుకుంటాం. ఈ చెట్టు సమిధలు హోమానికి వాడతారు. లక్క పురుగులను కూడా ఇది పోషిస్తుంది. నిప్పులా కనిపించే చెట్టు నిప్పుకు ఆహారం కూడా కావడం నాకు ఎంతో అందంగా తోచే విషయం.

రంగు కోసం రాలిన పువ్వులనే ఏరండి, కొమ్మలు విరవవద్దు. నీడన ఆరబెట్టి, రాత్రి నీళ్లలో నానబెట్టి, మర్నాడు మరిగించి వడగడితే పసుపు కలిసిన నారింజ రంగు దిగుతుంది. కొద్దిగా సున్నపుతేట కలిపితే రంగు ముదురుతుంది, అయితే పిల్లల ఒంటి మీద చల్లే నీళ్లలో సున్నం కలపకపోవడమే మంచిది. వేసవిలో వీధుల్లో ఎర్రగా పూసే తురాయి వేరే చెట్టు. అది మడగాస్కర్ నుంచి వచ్చింది, మోదుగ మన నేలదే. మీ బడి ఆవరణలో చోటుంటే ఒక మోదుగ మొక్క నాటించమని నా మనవి.

ప్రశ్న: మా పొలం కంచె మీద అగ్నిశిఖ తీగ పాకింది. ఇంటి ముందు పెంచుకోవచ్చా? (ఒక రైతు, మదనపల్లె)

జవాబు: చిన్నపిల్లలు, పశువులు ఉన్న ఇంట్లో వద్దు. పసుపుగా విచ్చుకుని ఎర్రబడుతూ, రేకులు వెనక్కి మడిచి మంటలా నిలిచే ఆ పువ్వు తమిళనాడు రాష్ట్ర పుష్పం. కానీ మొక్క అంతా విషమే, దుంపలోనూ గింజల్లోనూ కాల్చిసిన్ అనే విషపదార్థం మరీ ఎక్కువ. కీళ్లు వాచి నొప్పిపెట్టే గౌట్ వ్యాధికి మందు తయారుచేసేది దానితోనే అయినా, సొంత వైద్యానికి దుంపను ముట్టుకోకండి. ఎవరైనా పొరపాటున తింటే ఒక్క క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

ప్రశ్న: నటరాజ విగ్రహం చుట్టూ ఉండే మంటల వలయానికి అర్థం ఏమిటి? అంత సన్నని జ్వాలలను లోహంలో ఎలా పోస్తారు? (ఒక విద్యార్థిని, నెల్లూరు)

జవాబు: ఆ వలయాన్ని ప్రభామండలం అంటారు. చోళుల కాలపు శిల్పులు స్థిరపరచిన రూపంలో శివుని పై కుడిచేతిలో డమరుకం, పై ఎడమచేతిలో అగ్ని ఉంటాయి. మొదటిది సృష్టికీ, రెండవది లయకూ గుర్తులు. చుట్టూ ఉన్న జ్వాలావలయాన్ని పుడుతూ లయిస్తూ ఉండే జగత్తుగా వ్యాఖ్యాతలు చెబుతారు. అర్థం తెలిసినా తెలియకపోయినా కంటికి అందే సంగతి ఒకటుంది. వలయంలోని జ్వాలలు ఒకే ఎడంలో, ఒకే కొలతలో నిలిచి ఉంటాయి. వాటి నడుమ విరబోసిన జడలు, ఎత్తిన పాదం కదలికను చూపుతాయి. నిజమైన మంటకు ఒక్క క్షణమైనా స్థిరమైన రూపం ఉండదు. దానిని నిలిపి, దాని చలనాన్ని నర్తకుడి దేహానికి ఇచ్చిన ఆ శిల్పుల ఊహకు ఎన్నిసార్లు నమస్కరించినా తక్కువే.

ఇక పోతపోయడం. తంజావూరు జిల్లా స్వామిమలైలో స్థపతులు, అంటే విగ్రహ శిల్పులు, ఇప్పటికీ అనుసరించే ఈ పద్ధతిని మధూచ్ఛిష్ట విధానం అంటారు. 12వ శతాబ్దపు చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు తన మానసోల్లాసంలో దీనిని వర్ణించాడు. తేనెమైనంలో గుగ్గిలం, నూనె కలిపి కాచి, ఆ ముద్దతో విగ్రహాన్ని చేస్తారు. జ్వాలలను కూడా మైనంతోనే మలచి, వేడిచేసిన పనిముట్టుతో వలయానికి అతుకుతారు. దాని మీద కావేరి ఒండ్రుమట్టిని పలుచగా పూసి నీడన ఆరనిచ్చి, ఆపై ముతక మట్టి పొరలు వేస్తారు. మెత్తటి మొదటి పొరే జ్వాల కొసను చెదరకుండా పట్టి ఉంచుతుంది. ఎండాక అచ్చును కాలిస్తే మైనం కరిగి కారిపోతుంది, ఆ ఖాళీలో కరిగిన లోహం పోస్తారు. చల్లారాక అచ్చును పగలగొట్టక తప్పదు కాబట్టి ఏ విగ్రహానికీ అచ్చుగుద్దినట్టు మరొకటి ఉండదు.

ఈ విద్య మన దగ్గరా ఉంది. ఆదిలాబాద్ ప్రాంతపు ఓజా కళాకారులు మట్టి ముద్ద చుట్టూ మైనపు దారాలను చుట్టి డోక్రా అనే లోహపు బొమ్మలు పోస్తారు. ఆ కళకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. వీలైతే వారి చేతి నుంచే ఒక బొమ్మ కొనండి. కొనేవారు లేకపోతే ఈ కళ గుర్తింపు పత్రంతో మాత్రమే బతకదు.

ప్రశ్న: కార్తీక పున్నమినాడు శివాలయంలో జ్వాలాతోరణం ఎందుకు కడతారు? (ఒక పాఠకుడు, పాలకొల్లు)

జవాబు: రెండు కర్రలు నాటి, వాటి మీద అడ్డంగా మరో కర్ర కట్టి, దానికి ఎండుగడ్డి చుట్టి వెలిగిస్తారు. ఆ మండే తోరణం కింద నుంచి శివపార్వతుల పల్లకీని మూడుసార్లు తిప్పుతారు, భక్తులు వెంట నడుస్తారు. హాలాహలం మింగిన భర్తకు ఆపద రాకుంటే అగ్నితోరణం దాటుతానని పార్వతి మొక్కుకున్నదని కథ. కాలగా మిగిలిన గడ్డిని రైతులు గడ్డివాములోనూ, ధాన్యపు కొట్లోనూ పెట్టుకుంటారు.

ప్రశ్న: మిరపకాయ తింటే నోరు నిజంగా కాలుతుందా? ఎంత ఎర్రగా ఉంటే అంత కారమా? (ఒక విద్యార్థి, డాలస్)

జవాబు: కాలదు, కానీ మెదడుకు అందే కబురు మాత్రం కాలుతోందనే. దాదాపు 43 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడిని పసిగట్టే టిఆర్‌పివి1 అనే గ్రాహకం మన నాడుల్లో ఉంది. మిరపలోని క్యాప్సైసిన్ దానికి అతుక్కుని, వేడి లేకుండానే దానిని తెరుస్తుంది. కారం నషాళానికి అంటినప్పుడు చెమటలు పట్టేది ఒళ్లు తనను తాను చల్లబరచుకోవాలని చూడడం వల్లనే. డేవిడ్ జూలియస్ బృందం 1997లో ఈ గ్రాహకాన్ని గుర్తించింది; ఆయనకు 2021లో ఆర్డెమ్ పటపూటియన్‌తో కలిపి నోబెల్ బహుమతి లభించింది. పక్షుల గ్రాహకం క్యాప్సైసిన్‌కు స్పందించదు, చిలుకలు పండుమిర్చిని హాయిగా కొరికి తినేది అందుకే.

ఎరుపుకూ కారానికీ సంబంధం లేదు. రంగు క్యాప్సాంథిన్ వంటి వర్ణకాలది, కారం క్యాప్సైసిన్‌ది. వరంగల్ చపాటా మిర్చి, కర్ణాటక బ్యాడగి మిర్చి కళ్లు చెదిరే ఎరుపులో ఉన్నా కారం తక్కువ. గుంటూరు సన్నం రకం ఘాటు వేరు. ఒకే కాయలోనైనా కారం ఎక్కువగా ఉండేది గింజల్లో కాదు, గింజలను పట్టుకుని ఉండే తెల్లని భాగంలో. పోర్చుగీసువారి ద్వారా అమెరికా ఖండాల నుంచి మిరప వచ్చే దాకా మన వంటల్లో కారమంటే మిరియాలూ శొంఠీయే.

నోరు మండినప్పుడు నీళ్లు తాగితే ఫలితం ఉండదు, ఎందుకంటే క్యాప్సైసిన్ నీటిలో సరిగా కరగదు. పాలు, పెరుగులోని కేసీన్ అనే మాంసకృత్తి దానిని పట్టుకుని వదిలిస్తుంది కాబట్టి పెరుగన్నం పనిచేస్తుంది. మిరపకాయలు తరిగాక చేతులు మండితే ముందు వంటనూనె బాగా రుద్ది, తర్వాత సబ్బుతో కడగండి. అంతవరకు కళ్లు మాత్రం తాకవద్దు.