టెక్ సందేహాలు: గేమ్ లోపల ఏ భాష పెట్టాలి?

ప్రశ్న: నేనూ నా స్నేహితుడూ సీ ప్లస్ ప్లస్‌లో టూడీ గేమ్ రాస్తున్నాం. డైలాగులో ఒక్క మాట మార్చినా మళ్లీ కంపైల్ చేయాల్సి వస్తోంది. లోపల ఒక స్క్రిప్టింగ్ భాష (మళ్లీ కంపైల్ చేయకుండానే మార్చుకోగలిగేది) పెడదామనుకుంటున్నాం. ఇద్దరికీ పైథాన్ వచ్చు. అదే పెట్టేయొచ్చా, లువా నేర్చుకోవాలా? – ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: లువా నేర్చుకోండి. పైథాన్ వచ్చినవాళ్లకు అది పెద్ద కష్టం కాదు. పైథాన్ గొప్ప భాషే, కానీ ఇంకొకరి ప్రోగ్రామ్‌లో అద్దెకు దిగితే సామానంతా వెంట తెచ్చుకుంటుంది. లువా పుట్టిందే అలా ఒదిగి ఉండడానికి. 1993లో బ్రెజిల్‌లోని రియో డి జనీరోలో, ఒక విశ్వవిద్యాలయంలో ముగ్గురు కలిసి తయారుచేశారు. పోర్చుగీసులో లువా అంటే చందమామ. సివిలైజేషన్ గేముల సంగతే చూడండి. 2005లో వచ్చిన నాలుగో భాగంలో పైథాన్ వాడారు, 2010 నాటి ఐదో భాగానికి లువాకు మారారు.

నాకు లువాలో బాగా నచ్చేది కోరూటీన్, అంటే మధ్యలో ఆగి మళ్లీ అక్కడి నుంచే సాగగల ఫంక్షన్. కాపలావాడు తలుపు దాకా నడవాలి, రెండు సెకన్లు ఆగాలి, ‘ఎవరక్కడ?’ అనాలి. సీ ప్లస్ ప్లస్‌లో అయితే ‘నడుస్తున్నాడు’, ‘ఆగాడు’, ‘మాట్లాడుతున్నాడు’ అని స్థితులు పెట్టుకుని ప్రతి ఫ్రేమ్‌లోనూ సరిచూడాలి. లువాలో కథ చెప్పినట్టే మూడు లైన్లు వరసగా రాస్తారు. ఆగాల్సిన చోట స్క్రిప్ట్ ఆగిపోయి పగ్గాలు గేమ్‌కు ఇస్తుంది, టైమ్ కాగానే అక్కడి నుంచే మళ్లీ మొదలవుతుంది. గేమ్‌లో మిషన్లు రాసేవాళ్లకు ఇంతకంటే సుఖం లేదు.

రేపు ఆటగాళ్లు సొంతంగా మోడ్లు (గేమ్‌కు మార్పులు, చేర్పులు) రాస్తారనుకుంటే ఇంకో కారణం కూడా ఉంది. లువాలో ఫైళ్లను తాకే ఐఓ, ఓఎస్ లైబ్రరీలను మీరు తెరవకపోతే స్క్రిప్టుకు అవి లేనట్టే. ముందే కంపైల్ చేసిన బైట్‌కోడ్ ఫైళ్లను మాత్రం లోడ్ కానివ్వకండి. పైథాన్‌ను అలా కట్టడి చేయడం చాలా కష్టం.

ఇబ్బందులు లేకపోలేదు. జాబితాల్లో లెక్క సున్నా నుంచి కాకుండా ఒకటి నుంచి మొదలవుతుంది. లోకల్ అని రాయడం మరిస్తే వేరియబుల్ గ్లోబల్ అయి, ప్రోగ్రామ్ అంతటికీ కనిపిస్తూ కూర్చుంటుంది.

ప్రశ్న: మా గేమ్‌లో లువాతో తెలుగు డైలాగును ఒక్కో అక్షరంగా తెర మీదికి తెస్తుంటే మధ్యలో పిచ్చి గుర్తులు వస్తున్నాయి. ఏం చేయాలి? – ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: లువా లెక్కపెట్టేది బైట్లను. ‘అమ్మ’ పొడవు అడిగితే 12 అంటుంది, ఎందుకంటే అక్షరాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు గుర్తుకు మూడు బైట్లు. వాటి మధ్యలో కోస్తే వచ్చేవే మీరు చూస్తున్న పిచ్చి గుర్తులు. 5.3 నుంచి ఉన్న యూటీఎఫ్8 లైబ్రరీతో అడిగితే 4 అంటుంది: అ, మ, పొల్లు, మ. అదీ చాలదు. మూడో అడుగులో తెర మీద ‘అమ్’ కనిపించి, తర్వాత ‘అమ్మ’గా మారుతుంది. చదివేవాళ్ల కంటికి అది తప్పుగానే తోస్తుంది.

అందుకే అక్షరాల విభజన సీ ప్లస్ ప్లస్ వైపు యూనికోడ్ నియమాలను అమలు చేసే ఐసీయూ లైబ్రరీతో చేయించి, ముక్కల జాబితాను లువాకు ఇవ్వండి. ఒత్తును విడదీయకుండా ఉంచే నియమం 2023లో అన్ని లిపుల ప్రమాణమైన యూనికోడ్ 15.1తో వచ్చింది కాబట్టి, దాన్ని పాటించే కొత్త వెర్షనే తీసుకోండి. అక్షరాలను గీసే ముందు, వాటి ఆకారాలూ చోట్లూ తేల్చే హార్ఫ్‌బజ్ లైబ్రరీ వాడితే ఒత్తులు వాటి చోట్లలో కూర్చుంటాయి.