మొదటిసారి వచ్చిన 302 వాళ్లకు కనిపిస్తుందా?

ప్రశ్న: మేడమ్, మాది గుంటూరు. బీటెక్ అయిపోయింది, అమెరికాలో ఎంఎస్‌కి అప్లై చేస్తున్నాను. అక్కడి పీజీ సీట్లకు అడిగే జీఆర్ఈ పరీక్ష జూన్‌లో రాస్తే 302 వచ్చింది, సెప్టెంబర్‌లో మళ్లీ రాస్తే 316. పరీక్ష రోజున నాలుగు యూనివర్సిటీలకు స్కోరు ఉచితంగా పంపుకోవచ్చన్నారు గానీ టెన్షన్‌లో రెండే పెట్టాను. వాళ్లకు 302 కూడా కనిపిస్తుందా? మిగతా ఆరింటికీ డబ్బు కట్టాల్సిందేనా? కన్సల్టెన్సీ వాళ్లేమో లాగిన్ ఇచ్చేస్తే మేమే పంపేస్తాం అంటున్నారు.
– ఒక పాఠకురాలు

జవాబు: ముందు ఆ 302 బెంగ తీసేయమ్మా. నువ్వు పంపిన స్కోరే వాళ్లు చూస్తారు, ఎన్నిసార్లు రాశావన్నది ఆ రిపోర్టులో ఉండదు. అయితే ఒక్కటి గుర్తు తెచ్చుకో, పరీక్ష అయ్యాక స్క్రీన్ మీద ‘మోస్ట్ రీసెంట్’ (ఆ రోజుది మాత్రమే) ఎంచుకున్నావా, ‘ఆల్’ (రాసినవన్నీ) ఎంచుకున్నావా? ‘ఆల్’ అయితే ఆ రెండు చోట్లకీ 302 కూడా వెళ్లినట్టే. వెళ్లినా కంగారుపడకు, రెండు మూడు నెలల్లో 14 మార్కులు పెంచుకున్నావంటే చూసేవాళ్లకు అది మంచిగానే కనిపిస్తుంది. ఇకమీదట పంపేవాటికి నీకు నచ్చిన తేదీ స్కోరు ఒక్కటే పంపుకోవచ్చు. ఒక తేదీ వెర్బల్ (ఇంగ్లిష్ భాగం), ఇంకో తేదీ క్వాంట్ (లెక్కల భాగం) కలిపి పంపడం మాత్రం కుదరదు.

వాడుకోని ఆ రెండు ఉచిత అవకాశాలు ఆ రోజుతోనే పోయాయి, వాటి గురించి ఇక ఆలోచించకు. మిగతా ఆరింటికీ డబ్బు కట్టే ముందు ఒక్కో డిపార్ట్‌మెంట్ పేజీ నువ్వే తెరిచి చదువు. చాలాచోట్ల అప్లికేషన్‌లో మార్కులు నువ్వు టైప్ చేస్తే చాలు, అఫీషియల్ స్కోర్, అంటే జీఆర్ఈ వాళ్లే నేరుగా పంపేది, సీటు వచ్చాకే అడుగుతారు. అలాంటివాటికి ఇప్పుడే డాలర్లు పోయడం ఎందుకు? అఫీషియల్ తప్పనిసరి అన్నచోటికి మాత్రం ఆలస్యం చేయకుండా పంపు. జీఆర్ఈ మీ ఇష్టం అన్న చోట్ల, కిందటేడు చేరినవాళ్ల సగటు ఇచ్చారేమో చూడు. నీ క్వాంట్ దానికి దగ్గరగా ఉన్నా పంపమనే నేనంటాను, బీటెక్ పర్సంటేజీ అంతంతమాత్రమైతే మరీను.

స్కోరు పంపేటప్పుడు ఏ యూనివర్సిటీకో చెప్పే కోడ్ దగ్గర కళ్లు పెట్టుకుని చూడు. టెక్సస్ యూనివర్సిటీ అంటే ఒక్కటి కాదు, ఆస్టిన్, డల్లాస్, ఆర్లింగ్టన్ వేటికవే, కోడ్‌లూ వేరే.

ఇక నువ్వు అడగనిది, నాకు అన్నిటికన్నా భయమేసేది, పేరు. మా అక్క కొడుకు జీఆర్ఈకి పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టు ఇంటిపేరు పూర్తిగా ఇచ్చాడు, ఒక యూనివర్సిటీ అప్లికేషన్‌లో మాత్రం టెన్త్ మెమోలో ఉన్నట్టు ఇనిషియల్ ఒక్కటే కొట్టాడు. స్కోరు వెళ్లింది, పోర్టల్‌లో మాత్రం మూడు వారాలు ‘అందలేదు’ అనే ఉంది. రోజూ అర్ధరాత్రి దాకా కూర్చుని, ఆ పేజీని మళ్లీ మళ్లీ రిఫ్రెష్ చేస్తుంటే వాడి మొహం చూడలేకపోయేవాళ్లం. చివరికి అప్లికేషన్ నంబర్, పుట్టిన తేదీ, జీఆర్ఈ రిజిస్ట్రేషన్ నంబర్ పెట్టి, స్కోర్ రిపోర్ట్ పీడీఎఫ్ జత చేసి మెయిల్ రాస్తే, మర్నాటికి రెండు పేర్లూ ఒకరివేనని కలిపారు. ఆ మెయిల్ మొదటి వారంలోనే రాసి ఉంటే సరిపోయేది. నీ అప్లికేషన్లన్నిట్లో పేరు పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టు అక్షరం పొల్లుపోకుండా ఉందో లేదో ఈ రాత్రే చూసుకో.

లాగిన్ ఎవరికీ ఇవ్వకు. ఆ అకౌంట్‌లో నీ రెండు స్కోర్లూ ఉంటాయి, వాళ్లు తొందరలో పొరపాటున ‘ఆల్’ నొక్కినా వెనక్కి తీసుకోలేవు. వాళ్ల సాయం కావాలంటే పక్కన కూర్చోబెట్టుకో, నొక్కేది మాత్రం నువ్వే. డిసెంబర్ 15 డెడ్‌లైన్ ఉన్నవాటికి నవంబర్‌లోనే పంపేసి, వారం పది రోజులయ్యాక ఒక్కో పోర్టల్ తెరిచి స్కోరు చేరిందో లేదో చూసుకో.