కారు ముందు అద్దానికి కంకర రాయి తగిలిన మేనల్లుడికి మామయ్య ఉత్తరం

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీర్వదించి రాయునది.

నిన్న రాత్రి ఫోనులో నువ్వు చెప్పిన సంగతి విన్నాక, నాలుగు మాటలు కాగితం మీద పెట్టి పంపితే నీకు ఇప్పుడూ మున్ముందూ పనికివస్తాయనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను. హైదరాబాదు నుంచి వస్తూ పరిటాల దగ్గర కంకర టిప్పరు వెనుక ఉండగా టక్కున శబ్దం వచ్చిందని, బండి పక్కకు ఆపి చూస్తే ముందు అద్దం మీద ఎడమచేతి వైపు శనగగింజంత గుంట, దాని చుట్టూ మూడు సన్నని గీతలు కనిపించాయని చెప్పావు. కనపడీ కనపడనట్టుంది కాబట్టి నెలాఖరు పెళ్లి అయ్యాక చూద్దాంలే అన్నావు. ఆ మాట నాకు నచ్చలేదు. ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లకు పైగా ఫ్రంట్ గ్లాసులు బిగించిన వాణ్ణి; నా చేతులతో విప్పి పక్కన పడేసిన అద్దాల్లో ఎన్నో ఇలాంటి శనగగింజంత దెబ్బతోనే మొదలయ్యాయి.

ముందుగా ఈ రోజే చేయవలసిన పని చెబుతాను. ఆ గుంటను తడిగుడ్డతో తుడవకు, సబ్బునీళ్లు పోయకు, వేలితో రుద్దకు. పొడిగా, శుభ్రంగా ఉన్న చిన్న పారదర్శకమైన టేపు ముక్కను బయటివైపు నుంచి గుంట మీద అంటించి వదిలెయ్యి. ఆ బీటలోకి దుమ్ము, నీళ్లు, వాషర్ ద్రవం వెళ్లకుండా చూడటమే దాని పని. ఇంట్లో ఉన్న ఫెవిక్విక్ చుక్క వేస్తే సరిపోతుందని ఎవరైనా చెబితే దయచేసి వినవద్దు. అది బీట నోటి దగ్గరే గట్టిపడి లోపలి గాలిని అక్కడే బంధిస్తుంది. ఆ తరువాత ఎంత పనిమంతుడైనా అసలు రెజిన్‌ను, అంటే బీటను నింపే పారదర్శకమైన జిగురు ద్రవాన్ని, ఆ సందుల్లోకి పంపలేడు. టూత్‌పేస్టు సంగతీ అంతే. టేపు అంటించాక కారు లోపలివైపు నుంచి ఆ మూడు గీతల కొసల దగ్గర మార్కర్ పెన్నుతో చిన్న చుక్కలు పెట్టు. రేపు ఉదయం గీత చుక్కను దాటిందో లేదో చూస్తే బీట కదులుతున్నదీ లేనిదీ నీకే తెలిసిపోతుంది.

ఇంత పట్టుబట్టి చెప్పడానికి కారణం నా సొంత అనుభవమే. ఒక మే నెలలో కుటుంబంతో తిరుపతి బయలుదేరినప్పుడు నా కారు అద్దానికి కింది అంచు దగ్గర చిన్న దెబ్బ ఉంది. వచ్చే పోయే వాళ్ల బండ్లన్నీ బాగుచేస్తూ నా బండి పని మాత్రం వారం రోజులుగా వాయిదా వేస్తూ వచ్చాను. కావలి దగ్గర భోజనానికి ఆగి, గంటసేపు ఎండలో నిలిపిన బండి ఎక్కి, ఉక్కపోత భరించలేక ఏసీని పూర్తిగా పెంచి చల్లగాలిని అద్దం మీదికే తిప్పాను. రెండు నిమిషాలు కాలేదు, పుల్ల విరిగినట్టు చిన్న శబ్దం వినిపించింది. మేము చూస్తుండగానే ఆ దెబ్బ నుంచి ఒక గీత బయలుదేరి, వంకర తిరుగుతూ, నా కళ్లకు ఎదురుగా వచ్చి ఆగింది. వెనుక సీట్లో పిల్లలున్నారు. అక్కడి నుంచి తిరుపతి దాకా, మళ్లీ ఇంటిదాకా నేను పడిన ఆందోళన నువ్వు పడకూడదు.

అలా ఎందుకు జరుగుతుందో తెలిస్తే జాగ్రత్త దానంతటదే వస్తుంది. ముందు అద్దం ఒకే గాజు పలక కాదు. సుమారు 2 మిల్లీమీటర్ల మందం ఉన్న రెండు గాజు పలకల మధ్య ముప్పాతిక మిల్లీమీటరు మందాన పీవీబీ అనే సాగే ప్లాస్టిక్ పొర పెట్టి, వేడితో, ఒత్తిడితో అతికిస్తారు. రాయి తగిలినప్పుడు సాధారణంగా బయటి పలక మాత్రమే దెబ్బ తింటుంది. లోపలి పలకా, మధ్య పొరా నిలబడతాయి కాబట్టే గాజు ముక్కలు మన ముఖం మీదికి రావు. పక్క తలుపుల అద్దాలు సాధారణంగా టఫెన్డ్ గాజుతో చేసినవి. అవి పగిలితే ఒక్కసారిగా పటికబెల్లం పలుకుల్లా రాలిపోతాయి, వాటికి రిపేరు అనేదే లేదు. నేను పని నేర్చుకున్న రోజుల్లో కొన్ని బండ్లకు ముందు అద్దం కూడా ఆ రకందే ఉండేది, రాయి తగిలితే క్షణంలో తెల్లగా మారిపోయి డ్రైవరుకు రోడ్డు కనిపించేది కాదు. ఇప్పటి అద్దం మనకు ఆ ప్రమాదం తప్పించి, బాగుచేసుకునే అవకాశం ఇస్తున్నది. ఆ అవకాశం బీట చిన్నదిగా ఉన్నంతవరకే ఉంటుంది.

గాజు నొక్కుడును బాగా తట్టుకుంటుంది గాని లాగుడును తట్టుకోలేదు. బయట ఎండకు కాలిన అద్దానికి లోపల చల్లగాలి తగిలితే ఒక పక్క ముడుచుకోవాలని, ఇంకో పక్క సాగాలని చూస్తుంది. ఆ లాగుడంతా బీట కొస మీద వచ్చి పడుతుంది. దీనికి తడి తోడైతే మరీ ప్రమాదం, ఎందుకంటే నీటి అణువులు బీట కొస దగ్గర గాజు బంధాలను మెల్లగా విడదీస్తాయి. అందుకే పని పూర్తయ్యేవరకు బండిని నీడలో పెట్టు. ఎండలో పెట్టక తప్పకపోతే, ఎక్కగానే ముందు కిటికీలు దించి వేడి గాలి పోనిచ్చి, ఆ తరువాత ఏసీని తక్కువలో, గాలి కాళ్లవైపు వచ్చేలా పెట్టుకో. కాలుతున్న అద్దం మీద చల్లటి నీళ్లు గుమ్మరించకు. శీతాకాలంలో అరకు, లంబసింగి వైపు వెళ్లినప్పుడు మంచు పట్టిన అద్దం మీదికి ఒక్కసారిగా వేడిగాలి వదలడం కూడా ఇలాంటి పొరపాటే. తలుపులు గట్టిగా కొట్టకు, స్పీడ్ బ్రేకర్ల మీద బండిని ఎగరనీయకు.

ఇక నీ అద్దం రిపేరుకు పనికివస్తుందా, మార్చవలసిందేనా అన్న ప్రశ్న. నేను పాటించిన లెక్క ఇది: పది రూపాయల నాణెం కింద దాగిపోయే దెబ్బ అయితే రిపేరు చేస్తాను. సాగిన పగులైతే దాని పొడవు, చోటు, వయసు చూస్తాను. ఆరంగుళాలు దాటిన దాన్ని నేనెప్పుడూ ముట్టుకోలేదు. అద్దం అంచు నుంచి రెండంగుళాల లోపు ఉన్న పగులు చిన్నదైనా నమ్మదగినది కాదు, బండి బాడీ మెలిపడినప్పుడల్లా ఆ భారం అంచు మీదే పడుతుంది. డ్రైవరు చూపుకు సూటిగా ఎదురుగా ఉన్న దెబ్బను కూడా వీలైతే రిపేరు చేయించవద్దంటాను, ఎందుకంటే ఎంత బాగా నింపినా చిన్న మచ్చ మిగులుతుంది. పగలు అది పట్టించుకునేంతది కాకపోయినా, రాత్రి ఎదుటి బండి లైటు పడగానే చెదిరి కళ్లలో గుచ్చుకుంటుంది. చివరగా, లోపలివైపు నుంచి అద్దం మీద గోరుతో మెల్లగా గీసి చూడు. గోరు ఎక్కడైనా తట్టుకుంటే లోపలి పలక కూడా పగిలినట్టే, అప్పుడిక మార్చడం తప్ప దారి లేదు. నువ్వు చెప్పినదాన్ని బట్టి నీది రిపేరుకు చక్కగా పనికివచ్చే దెబ్బ.

రిపేరు ఎలా జరుగుతుందో నువ్వు దగ్గర నిలబడి చూడాలని నా కోరిక, ఎందుకంటే పని తెలిసిన వాడికీ తెలియని వాడికీ తేడా అక్కడే బయటపడుతుంది. మంచి పనివాడు ముందు బండిని నీడలోకి తెచ్చి, అద్దం మీద చెయ్యి వేసి వేడి చూస్తాడు. అద్దం కాలుతుంటే రెజిన్ మరీ పలచబడిపోతుంది కాబట్టి చల్లారేదాకా ఆగుతాడు. సన్నని సూదితో గుంటలోని గాజు పొడినీ, వదులు పెచ్చులనూ తీసి, తడి ఉంటే మెల్లగా ఆరబెడతాడు. తరువాత రబ్బరు పిడులతో అద్దానికి అతుక్కునే ఒక బిగింపును గుంట మీద సరిగ్గా నిలిపి, దాని నడిమి గొట్టంలో కొద్ది చుక్కల రెజిన్ వేసి, ముందు లోపలి గాలిని పైకి లాగుతాడు, ఆ తరువాత రెజిన్‌ను కిందికి నొక్కుతాడు. ఇలా లాగడం, నొక్కడం రెండు మూడు సార్లు జరగాలి. ఆ సమయంలో లోపలి సీట్లో కూర్చుని దెబ్బ వైపు చూడు. బీట మనకు నల్లగానో మెరుస్తూనో కనబడేది అందులోని గాలి వల్ల. రెజిన్ వెలుతురును వంచే తీరు దాదాపు గాజు తీరే కాబట్టి, అది చేరిన చోటల్లా గీత చెరిగిపోతుంది. నక్షత్రంలాంటి దెబ్బకు ఒక్కొక్క కాలు మొదలు నుంచి కొసదాకా మాయమవుతూ పోవడం కంటితో చూడవచ్చు. ఏ కాలి కొసనైనా వెండి మెరుపు మిగిలి ఉంటే గాలి ఇంకా ఉన్నట్టే, రెజిన్‌ను గట్టిపరిచే దీపం అప్పుడే పెట్టవద్దని మర్యాదగా చెప్పు. గీతలన్నీ నిండిన తరువాతే అల్ట్రావయొలెట్ దీపం కింద రెజిన్‌ను గట్టిపరిచి, పైగుంటను కాస్త చిక్కటి రెజిన్‌తో నింపి, బ్లేడును నిటారుగా పట్టుకుని చదునుగా గీకి, మెరుగు పెడతారు. అంతా కలిపి అరగంట, ముప్పావుగంట పని. దెబ్బ పూర్తిగా కనిపించకుండా పోతుందని ఎవరు మాట ఇచ్చినా నమ్మకు. బీట ఇక సాగకుండా ఆగడం, గాజుకు బలం తిరిగి రావడం, ఇవే దాని ప్రయోజనాలు.

ఇన్సూరెన్సు గురించి కూడా అడిగావు. థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉంటే అద్దానికి ఏమీ రాదు. నీది ఓన్ డ్యామేజ్, అంటే మన బండికి జరిగే నష్టం కూడా కలిసిన పాలసీ కాబట్టి వస్తుంది, పైగా గాజు భాగాలకు తరుగుదల కోత ఉండదు. అయితే 1500 సీసీ వరకు ఉన్న కారుకు ప్రతి క్లెయిమ్‌లో తప్పనిసరిగా మనం భరించవలసిన 1,000 రూపాయలు ఉంటాయి, అంతకు మించిన బండికి 2,000. దానికంటే పెద్ద లెక్క నో క్లెయిమ్ బోనస్‌ది, అంటే క్లెయిమ్ వేయని వాళ్లకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపుది. నీ ఓన్ డ్యామేజ్ ప్రీమియం 10,000 అనుకుందాం, ఇప్పుడు 35 శాతం బోనసులో ఉన్నావనుకుందాం. క్లెయిమ్ లేకుండా ఉంటే వచ్చే రెన్యువల్‌లో 45 శాతం, అంటే 4,500 రూపాయలు తగ్గుతాయి. చిన్న రిపేరుకు క్లెయిమ్ వేస్తే ఆ బోనసు సున్నాకు వచ్చి, మళ్లీ 20 శాతం నుంచి ఎక్కాలి. కాబట్టి ఇలాంటి చిన్న గుంట రిపేరు డబ్బు చేతి నుంచే పెట్టుకో. మొత్తం అద్దం మార్చవలసి వచ్చి, దాని మీద కెమెరాలు, సెన్సార్లు ఉండి ఖర్చు పెద్దదైతే క్లెయిమ్ సంగతి ఆలోచించవచ్చు. అప్పుడు మాత్రం విప్పకముందే కంపెనీకి తెలియజేయాలి. నష్టాన్ని అంచనా వేసే సర్వేయరు చూడకముందు అద్దం తీసేస్తే తగాదా తప్పదు. బోనసుకు రక్షణ ఇచ్చే యాడ్ ఆన్ (అదనపు కవరు) నీ పాలసీలో ఉందేమో ఒకసారి కాగితాలు తీసి చదువు.

మార్చవలసి వచ్చినప్పుడు గాజు కన్నా అతికించే పని ముఖ్యం. ఒకసారి వేరే చోట అద్దం మార్పించుకున్న కారు ఒకటి వాన నీళ్లు కారుతున్నాయని నా దగ్గరికి వచ్చింది. విప్పి చూస్తే పాలీయురితేన్ జిగురుకు బదులు మామూలు సిలికాన్ పూసి ఉంది, పాత జిగురును గీకినప్పుడు పెయింటు లేచిపోయిన చోట ప్రైమరు (జిగురుకు ముందు వేసే పూత) వేయలేదు, ఫ్రేము చుట్టూ తుప్పు పట్టింది. చూడటానికి అది నీటి కారుడే గాని, ప్రమాదంలో ఆ అద్దం ఊడి బయటపడేది. చాలా కార్లలో ఎడమవైపు ఎయిర్‌బ్యాగ్ తెరుచుకున్నప్పుడు ముందు అద్దాన్నే ఆనుకుని మనిషి వైపు తిరుగుతుంది. బోల్తా పడితే పైకప్పుకు కొంత ఆసరా ఇచ్చేదీ ఆ అద్దమే. అందువల్ల ఏ జిగురు వాడుతున్నారో అడుగు, ట్యూబు మీద తేదీ చూడు, ఎన్ని గంటల తరువాత బండి కదపవచ్చో ఆ జిగురు తయారీదారు చెప్పిన లెక్క ప్రకారమే కదుపు. కొత్త అద్దం మూలన ఐఎస్ఐ గుర్తూ, లామినేటెడ్ (పలకలు అతికించిన రకం) అన్న మాటా ఉన్నాయో లేదో చూసుకో. మొదటి రెండు రోజులు ఒక కిటికీ కొద్దిగా దించి ఉంచు, లేకపోతే తలుపు వేసినప్పుడు లోపలి గాలి కొత్త అద్దాన్ని బయటికి నెడుతుంది, వాషింగుకు పంపవద్దు. అద్దం వెనుక కెమెరా ఉన్న బండి అయితే దాన్ని కాలిబ్రేట్ చేయించకుండా, అంటే దాని చూపును కొత్త అద్దానికి తగ్గట్టు సరిచేయించకుండా, బండి తీసుకురావద్దు. పాత అద్దంతో పాటే ఫాస్టాగ్ కూడా పోతుంది కాబట్టి, ప్రయాణానికి ముందే బ్యాంకు నుంచి కొత్తది తెప్పించుకో.

టిప్పర్ల సంగతి ఒక్కటి చెప్పి ముగిస్తాను. పరిటాల, దొనబండ క్రషర్ల నుంచి వచ్చే బండ్లు ఆ రోడ్డు మీద ఎప్పుడూ ఉంటాయి. టార్పాలిన్ కప్పినా, జంట టైర్ల సందులో ఇరుక్కున్న రాయి ఎప్పుడు విసురుగా వస్తుందో చెప్పలేము. రాయి దెబ్బ బలం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 60లో తగిలిన దెబ్బకూ 100లో తగిలిన దెబ్బకూ రెండున్నర రెట్లకు మించిన తేడా ఉంటుంది. గంటకు 80 మీద మూడు సెకన్లకు దాదాపు 67 మీటర్లు పోతాం. టిప్పరు వెనుక కనీసం అంత, వీలైతే ఇంకా ఎక్కువ ఎడం ఉంచు, దాటే వీలు లేనప్పుడు దాని వెనుకే వేగం తగ్గించుకుని ఓపిక పట్టు.

గురువారం ఉదయం ఏడు గంటలకల్లా, ఎండ ముదరకముందే బండి తీసుకుని రా. నా దగ్గర పని నేర్చుకున్న అబ్బాయికి చెప్పి ఉంచాను, నేనూ పక్కనే ఉంటాను. టేపు మాత్రం నువ్వు తీయవద్దు, అతనే తీస్తాడు. అమ్మను అడిగానని చెప్పు.

ఇట్లు,
నీ మామయ్య